తొరపల్లిలో రాజాజీ ఇల్లు

కృష్ణగిరి జిల్లాలో, హోసూరుకు దగ్గర్లోనే తొరపల్లి అనే ఊరుంది. భారత గవర్నర్ జనరల్ పదవి చేపట్టిన ఒకే ఒక్క భారతీయుడు చక్రవర్తి రాజగోపాలాచారి, మన రాజాజీ, 1878 డిసెంబరు 10న పుట్టింది ఇక్కడే. తండ్రి గ్రామ మునసబు. ఆ ఇంటిని తమిళనాడు ప్రభుత్వం స్మారకంగా కాపాడుతోంది.

ఈ ఇంటిని అమెరికా తొలి అధ్యక్షుడు వాషింగ్టన్ ఇంటితో పోల్చి చూడండి. ఆయన ఇల్లు మౌంట్ వెర్నన్, బానిసల చెమటతో నడిచిన పెద్ద ఎస్టేటు. రాజాజీది అగ్రహారపు ఇల్లు. 1948లో గవర్నర్ జనరల్‌గా ఢిల్లీలో 340 గదుల అధికారిక భవనంలో అడుగుపెట్టినా, వైస్రాయి పడకగది వద్దనుకుని అతిథుల విభాగంలోని చిన్న గదికి మారారు. తిండిగింజల కొరత రోజుల్లో ఆ ఆవరణలోనే గోధుమ పండించారు. పదవి వీడిన చాలా ఏళ్లకు, 1962లో, అణుపరీక్షలు ఆపమని కోరడానికి అమెరికా వెళ్లి అప్పటి అధ్యక్షుడు కెనడీని కలిశారు.

హోసూరు దాకా వచ్చినవారు తొరపల్లి చూడకుండా వెళ్లకండి. పిల్లల్నీ వెంట తీసుకెళ్లండి.