కొత్త వార్డులో రాత్రి డ్యూటీ ఎవరిది?



వైద్య, నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ విద్యార్థులు పట్టాలు అందుకుంటున్న ఈ సభకు వచ్చిన దారే శంషాబాద్ ఎంత మారిందో చెబుతుంది. 2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం మొదలైంది. ఏడాదికి 1.2 కోట్ల మంది ప్రయాణికుల కోసం కట్టిన టెర్మినల్‌ను, రాకపోకలు ఆపకుండానే, 3.4 కోట్ల మందికి సరిపడేలా పెంచారు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, గోదాములు వచ్చాయి. గొల్లపల్లి, మామిడిపల్లి, పాలమాకుల, పెద్ద గోల్కొండ, నర్కుడ ఊళ్లకు ఒడిశా, బిహార్ల నుంచి పనికి వచ్చిన కుటుంబాలు తోడయ్యాయి. జనం ఇంతగా పెరిగిన చోట ఊరి ఆసుపత్రి మాత్రం పాత కొలతల్లోనే ఉండిపోతే ఎలా? కొత్త విభాగం కావాలి, మరిన్ని పడకలు కావాలి అన్నది న్యాయమైన కోరిక.

అయితే భవనం ఒక్కటే అడిగితే సగమే అడిగినట్టు.

మన దేశ ప్రజారోగ్య ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి, అందులో కనీసం 30 పడకలుండాలి. 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ ఇంకా పెద్ద కల కన్నది. దీర్ఘకాలిక ప్రణాళికలో పది, ఇరవై వేల మందికే 75 పడకల ఆసుపత్రి ఉండాలని కోరింది. ఆ లెక్కకు మనం ఇంకా చాలా దూరంలో ఉన్నాం. కాబట్టి గోడలు లేవాల్సిందే. లేచిన గోడల మధ్య ఎవరుంటారన్నదే ఈ పట్టాలు అందుకుంటున్నవారికి సంబంధించిన ప్రశ్న.

కొత్త టెర్మినల్‌ను తెరిచే ముందు విమానాశ్రయాలు ఒక పని చేస్తాయి. ప్రయాణికుల వేషంలో మనుషులను లోపలికి పంపి, ఖాళీ పెట్టెలను బెల్టు మీద తిప్పి, పని ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ మనుషులు చాలడం లేదో చూసుకుంటాయి. సిబ్బందికి పని చేతికి అలవాటయ్యాకే తలుపులు తీస్తాయి. ఊరి ఆసుపత్రికీ ఆ జాగ్రత్త దక్కాలి. రిబ్బన్ కత్తిరించడానికి నెల ముందే కొత్త వార్డులో ఒక రాత్రిని నడిపి చూడాలి.

అలాంటి రాత్రి ఒకటి ఊహించుకుందాం. రెండు గంటలవేళ 108లో ఒక గర్భిణి వస్తుంది. కాన్పు మామూలుగానే అవుతుంది, బిడ్డ ఏడుస్తుంది. పది నిమిషాలు గడిచినా తల్లికి రక్తస్రావం ఆగదు. ప్రపంచంలో బాలింతల ప్రాణాలు ఎక్కువగా తీస్తున్నది ఇదే. స్టాఫ్ నర్సు పొట్ట మీద నుంచి గర్భసంచిని మర్దన చేస్తూ ఆక్సిటోసిన్ అందుకుంటుంది. ఆ మందును 2 నుంచి 8 డిగ్రీల చలిలో దాచాలి. కరెంటు పోయి ఫ్రిజ్ గంటల తరబడి ఆగిపోతే మందు బలం తగ్గుతుంది. రెండో నర్సు సెలైన్ ఎక్కించాలి. ల్యాబ్ టెక్నీషియన్ గ్రూపు చూసి, నిల్వ ఉన్న రక్తంతో సరిపోల్చాలి. అవసరమైతే గైనకాలజిస్టు, మత్తు డాక్టరు థియేటర్‌లో సిద్ధంగా ఉండాలి. ఈ వరుసలో ఒక్కరు లేకపోయినా పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రికో ఉస్మానియా ఆసుపత్రికో రాసి పంపాల్సి వస్తుంది. శంషాబాద్ నుంచి పాతబస్తీ దాకా అంబులెన్సులో గడిచే ప్రతి నిమిషమూ ఆ తల్లి ఒంట్లోంచి పోయే రక్తమే.

అందుకే ప్రథమ రిఫరల్ కేంద్రం అనిపించుకోవాలంటే మన ప్రమాణాలు మూడు షరతులు పెట్టాయి: సిజేరియన్ సహా అత్యవసర ప్రసూతి సేవలు 24 గంటలూ ఉండాలి, పుట్టిన బిడ్డకు సంరక్షణ ఉండాలి, రక్తం నిల్వ ఉండాలి. ఈ మూడింటిలో ఏదీ సిమెంటుతో తయారయ్యేది కాదు.

దీన్ని ముందే గ్రహించినవాళ్లు మన పక్కనే ఉన్నారు. ఇక్కడికి దగ్గర్లోని కిస్మత్‌పూర్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ గ్రామీణ కంటి వైద్య కేంద్రం ఉంది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు నాయకత్వంలో ఆ సంస్థ 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో తన తొలి గ్రామీణ కంటి ఆసుపత్రిని తెరిచింది. తర్వాత సుమారు 50,000 మందికి ఒక ప్రాథమిక కేంద్రం, అలాంటి పదింటికి ఒక శస్త్రచికిత్స ఆసుపత్రి అన్న పద్ధతిలో విస్తరించింది. ప్రాథమిక కేంద్రాల్లో కూర్చునేది పట్నం నుంచి దిగినవాళ్లు కాదు. ఇంటర్ దాకా చదివిన స్థానిక యువతీయువకులకే ఏడాది పాటు శిక్షణ ఇచ్చి బాధ్యత అప్పగించారు. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు కాబట్టి వాళ్లు నిలబడ్డారు, కేంద్రాలూ నిలబడ్డాయి.

కాన్పుల విషయానికే మళ్లీ వద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇది గర్వించదగ్గ సంగతి. అదే సర్వేలో సిజేరియన్లు 60.7 శాతం. ప్రైవేటులో 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. తల్లులు ఆసుపత్రి గడప దాకా వచ్చేశారు. లోపల వాళ్ల పక్కన ఓపిగ్గా కూర్చుని, నొప్పులు పడుతున్నంతసేపూ ధైర్యం చెప్పి, మామూలు కాన్పును మామూలుగా జరగనిచ్చే మనిషి కావాలి. 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఫెర్నాండెజ్ సంస్థతో, యూనిసెఫ్‌తో కలిసి కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది అందుకే. కొత్త ప్రసూతి విభాగం ఎక్కడ కడుతున్నా, పునాది తవ్విన రోజే ఆ శిక్షణకు నర్సులను పంపాలి. భవనం పూర్తయ్యేసరికి వాళ్లూ సిద్ధంగా ఉంటారు.

దూరదేశం నుంచి ఒక ఉదాహరణ. రువాండా కొండల్లో బుటారో అనే చోట 2011లో 140 పడకల ఆసుపత్రి తెరిచారు. అక్కడి నల్లరాతితో, అక్కడి కూలీల చేతులతోనే కట్టారు. క్షయ ఒకరి నుంచి ఒకరికి సోకకుండా గాలి ధారాళంగా ఆడేలా కిటికీలు పెట్టారు. నడవాలను ఆరుబయట ఉంచారు. మంచాలను ఒకదానికొకటి ఎదురుగా కాకుండా కిటికీ వైపు తిప్పారు. ఆ వెంటనే ఆసుపత్రి పక్కనే డాక్టర్లకు మంచి ఇళ్లు కట్టారు. పల్లెలో డాక్టరు నిలవాలంటే అతనికీ అతని కుటుంబానికీ తల దాచుకునే చోటు కావాలని వాళ్లు గుర్తించారు. మన దగ్గర కొత్త వార్డు అంచనాలు వేసేటప్పుడు క్వార్టర్స్‌ను చివర్లో కొట్టేయకూడదు. రాత్రి డ్యూటీ ముగించుకున్న నర్సు బస్సు కోసం హైవే పక్కన నిలబడే పరిస్థితి ఉండకూడదు.

విద్యార్థులారా, మీలో చాలామంది త్వరలో ఇలాంటి ఆసుపత్రుల్లో చేరతారు. కొత్త విభాగం ప్లాను గీసే గదిలోకి మిమ్మల్ని పిలవకపోయినా అడిగి వెళ్లండి. నర్సులూ, ప్రసవాల గదిలో నర్సు బల్ల దగ్గర నిలబడి చూస్తే అన్ని మంచాలూ కనిపిస్తాయో లేదో చెప్పండి. ల్యాబ్ టెక్నీషియన్లూ, రక్తం దాచే ఫ్రిజ్‌కు జనరేటర్ లైను వేరుగా ఉందో లేదో అడగండి. ఫార్మసిస్టులూ, రాత్రి మందుల గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో కాగితం మీద రాయించండి. డాక్టర్లూ, రాసి పంపిన ప్రతి కేసుకూ కారణం రిజిస్టర్‌లో ఎక్కించండి. ఆరు నెలల తర్వాత ఆ రిజిస్టరే మీకు ఎవరి కొరత ఉందో తేల్చి చెబుతుంది. ఆశా కార్యకర్తలను పిలిచి, రోగితో వచ్చిన వాళ్లు ఎక్కడ పడుకుంటున్నారో, ఏం తింటున్నారో కనుక్కోండి.

ఇక ఉద్యోగ ప్రకటన వెలువడి, పోస్టింగు కోరుకునే రోజు వస్తుంది. ఆ జాబితాలో శంషాబాద్, షాద్‌నగర్, చేవెళ్ల, మహేశ్వరం పేర్లు కనిపిస్తే వాటిని దాటిపోకండి. మొదటి రెండేళ్లయినా అక్కడ ఇవ్వండి. ఇంట్లో వద్దంటే, ఈ సభలో కూర్చున్న మీ అమ్మానాన్నలతో ఈ సాయంత్రమే మాట్లాడండి.