పేటమిట్ట నుండి కరకంబాడికి

తిరుమల కోవెల గోడలపై చెక్కిన శాసనములను పరిశీలించిన చరిత్రకారులు ఒక విశేషమును గుర్తించిరి. విజయనగర రాజుల కాలమున భక్తులు స్వామివారికి సమర్పించిన ధనములో చాలభాగము ఊరక భాండారమున నిలువ యుండలేదు. దేవస్థానపు గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించుటకు దానిని వినియోగించిరి. ఆ నీటివలన పెరిగిన పంట ఆదాయముతో దాత కోరిన నైవేద్యము జరుగుచుండెను. ఒకనాడిచ్చిన రొక్కము ఏటేట పంటయై తిరిగి వచ్చెను. దేవునికి ప్రసాదమును, పొలమునకు నీరును దక్కెను.

నేటి మా ప్రసంగమునకు విషయము ఒక ఇంజనీరు జీవితము. అట్లయినచో శాసనములతో ఏల ప్రారంభించితిరని మీరడుగవచ్చును. దానమెట్లుండవలెనను ప్రశ్నకు మన చిత్తూరు సీమ ఏనాడో ఒక సమాధానము చెప్పియున్నది. ఆ కొలమానముతోనే ఈ జీవితమును కొలిచి చూతమని మా ఉద్దేశము.

గల్లా రామచంద్రనాయుడుగారు 1938వ సంవత్సరమున చిత్తూరు జిల్లాలోని పేటమిట్ట గ్రామమున ఒక వ్యవసాయ కుటుంబమున జన్మించిరి. అనంతపురము ఇంజనీరింగు కళాశాలలో పట్టము పొందిరి. రూర్కీ విశ్వవిద్యాలయమున ఎలక్ట్రానిక్సును, పిదప అమెరికాలో మిచిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున వ్యవస్థాశాస్త్రమును అభ్యసించిరి. అచ్చటనే యునైటెడ్ స్టేట్స్ స్టీల్ అను ఉక్కు సంస్థలో విద్యుత్ ఇంజనీరుగాను, తరువాత సార్జెంట్ అండ్ లండీ అను సంస్థ తరఫున బొగ్గు, అణు విద్యుత్ కేంద్రముల నిర్మాణమునకు సలహాదారుగాను పనిచేసిరి.

ఆ ఉక్కు సంస్థ పుట్టుపూర్వోత్తరములు మన విషయమునకు దగ్గరగా నున్నవి. 1901లో ఆండ్రూ కార్నెగీ తన ఉక్కు కర్మాగారములను 48 కోట్ల డాలర్లకు విక్రయించెను. అవి ప్రధానాంగముగా ఏర్పడినదే యునైటెడ్ స్టేట్స్ స్టీల్. కార్నెగీ తన ఐశ్వర్యములో అధికభాగమును పంచిపెట్టెను. ఆయన ధనముతో లోకమున 2,500కు పైగా గ్రంథాలయములు వెలసెను. కాని 1892లో ఆయన హోమ్‌స్టెడ్ కర్మాగారమున కార్మికుల సమ్మె జరిగినపుడు కాల్పులు సాగి పలువురు మరణించిరి. గ్రంథాలయములను మెచ్చినవారు సైతము ఆ నెత్తురును మరువలేదు. ముందు ఏ విధముననైనను గడించి, పిదప ధర్మము చేసినచో లెక్క సరిపోవునా? ఐశ్వర్యవంతుడైన ప్రతి దాత యెదుటను నిలుచు ప్రశ్న ఇది.

రామచంద్రనాయుడుగారు 1980వ దశకము నడుమ స్వదేశమునకు మరలివచ్చి, 1985లో అమరరాజా సంస్థకు పునాది వేసిరి. మన జిల్లా యువకులు పనికై మద్రాసుకో, బెంగుళూరుకో మూటగట్టుకొని పోవుచున్న రోజులవి. యంత్రభాగములు దొరకు నగరమున కర్మాగారము పెట్టుట సులభము. ఆయన తిరుపతికి చేరువనున్న కరకంబాడిని ఎన్నుకొనిరి. పనికై ఊరు విడుచుటకు మారుగా, పనియే ఊరి దాపునకు వచ్చుటకు ఇది మార్గమయ్యెను. పిదప పేటమిట్టలోనే చిన్నచిన్న లోహభాగములను తయారుచేయు శాల యొకటి వెలసెను.

ఆ సంస్థ చేపట్టినది బ్యాటరీల తయారీ. సీసపు పలకలను పలుచని గంధకామ్లములో ముంచిన పెట్టె బ్యాటరీ. పాతకాలపు బ్యాటరీలో నీరు క్రమముగా హరించిపోవును. అందుచేత తడవతడవకు మూతలు విప్పి శుద్ధజలము పోయవలసి యుండెను. అమరరాజావారు చేపట్టిన క్రొత్తరకపు బ్యాటరీకి మూసిన మూత మూసినట్లే యుండును. లోపల పుట్టిన ప్రాణవాయువు తిరిగి నీరుగా మారును. నీరు పోయు శ్రమ తీరినందున టెలిఫోను కేంద్రములకును, రైల్వేలకును ఇది మిక్కిలి అనుకూలమయ్యెను. 1997లో అమెరికాకు చెందిన జాన్సన్ కంట్రోల్స్ సంస్థ భాగస్వామిగా చేరి, 2019లో వైదొలగెను. మోటారు వాహనములకై 2000 సంవత్సరమున విడుదలచేసిన అమరాన్ బ్యాటరీ దేశమంతట ప్రసిద్ధి గాంచెను. 2021లో రామచంద్రనాయుడుగారు అధ్యక్షపదవిని తమ కుమారుడు జయదేవ్‌గారికి అప్పగించిరి.

ఇక దానము సంగతి. 1999లో రాజన్న ట్రస్టు ఏర్పడెను. రామచంద్రనాయుడుగారి సతీమణి అరుణకుమారిగారి తండ్రి, స్వాతంత్ర్య సమరయోధులు పాటూరి రాజగోపాలనాయుడుగారి స్మృతికి ఇది అంకితము. రాజగోపాలనాయుడుగారు 1977లోను, 1980లోను చిత్తూరు నుండి లోకసభకు ఎన్నికైన రైతునాయకులు. లాభములలో నూటికి రెండు వంతులు సంఘసేవకు వెచ్చించవలెనని పెద్ద సంస్థలను ఆదేశించు చట్టము 2013లో వచ్చినది. ట్రస్టు అంతకు పదునాలుగేండ్లు ముందే పుట్టినది. దానిని గడపదాటించినది చట్టము కాదు.

ఈ ట్రస్టు చేపట్టిన పనులలో ముఖ్యమైనది నీటి పని. మన సీమకు జీవనదులు లేవు. స్వర్ణముఖియైనను, నీవానదియైనను వాన కురిసిననాడే పారును. అందుచేతనే పూర్వులు ఊరూర చెరువు కట్టిరి. కట్ట, తూము, మొరవ అను ఈ మూడింటిని కాపాడుకొన్నంతకాలము పల్లె బ్రతికెను. గొట్టపుబావులు వచ్చిన పిదప చెరువు సంగతి మరచితిమి. వంకలు కంపతో పూడెను, చెరువులు మేటవేసెను, బావులు లోతుకు పోయెను. పూడిక తీయుట, వాగులకు అడ్డుకట్టలు వేయుట, బోడిగుట్టలపై మొక్కలు నాటుట అను పనులు చూపునకు చిన్నవి. ఐనను గుట్టపై చెట్టు నిలిచినచో వాననీరు పరుగు మాని నేలలో ఇంకును. ఇంకిన నీరే దిగువనున్న బావిలో ఊటగా కనబడును. చెరువైనను, బ్యాటరీయైనను చేయు పని ఒక్కటే గదా! కలిగిననాడు దాచి, లేనినాడు ఇచ్చుట.

పేటమిట్టలో వృత్తినైపుణ్య శిక్షణకేంద్రమును కూడ నెలకొల్పిరి. చదువు నడుమ ఆగిన పల్లెపిల్లవానికి యంత్రము ముందర నిలుచు ధైర్యము అచ్చట అలవడును. అన్నము పెట్టినచో పూట గడచును. పని నేర్పినచో ఇల్లు గడచును.

ఇంతవరకు మెచ్చుకొంటిమి. కొలత సరిగానుండవలెనన్నచో రెండవ తట్టును కూడ చూడవలెను. సీసము విషము. దాని ధూళి కార్మికుని రక్తమున చేరును. నీటిలోను, మట్టిలోను కలిసినచో పసిపిల్లల బుద్ధివికాసమునకు చేటు తెచ్చును. 2021 ఏప్రిలులో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ కారణములనే చూపి, కరకంబాడిలోను చిత్తూరు చేరువనున్న నూనెగుండ్లపల్లెలోను గల అమరరాజా కర్మాగారములను మూయవలెనని ఆజ్ఞాపించెను. రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము ఆ ఆజ్ఞను నిలిపివేసెను. తాము నిబంధనలను పాటించుచున్నామని సంస్థవారు చెప్పిరి. న్యాయనిర్ణయము మా పని కాదు. కాని చెరువు బాగుచేసిన చేతిని ఆ చెరువు నీటి శుద్ధిని గురించి ప్రశ్నించు హక్కు పల్లెకు ఎప్పటికిని ఉండును. జీతము దానము కాదు, అది కార్మికుని హక్కు. ఆరోగ్యము కూడ అట్టిదే. ఈ రెండు హక్కులు చెల్లిన తరువాతనే దానపు పద్దు ప్రారంభమగును.

ఈ పద్దులో మన యిండ్లకును పాలు కలదు. కరెంటు పోయిననాడు వెలుగిచ్చు బ్యాటరీ నేడు అనేక గృహములలో నున్నది. అది పాతబడినపుడు నాలుగు రూకలు ఎక్కువ వచ్చునని వీధిలో కొలిమిపెట్టి సీసము కరిగించువానికి అమ్మవలదు. ఆ పొగ మన పిల్లలే పీల్తురు. అమ్మిన దుకాణమునకే తిరిగి యిచ్చినచో, ఆ సీసము శుద్ధియై మరల క్రొత్త బ్యాటరీలో చేరును. పాతవాటిని తిరిగి సేకరించు బాధ్యతను తయారీదారులపై ఉంచు నిబంధనలు 2001 నుండియు కలవు.

పేటమిట్టలో పుట్టి, సముద్రములు దాటి, విద్య గడించి, తిరిగి కరకంబాడికి వచ్చిన ఈ ఇంజనీరు కథలో మాకు నచ్చినది ఆ తిరిగి వచ్చుటయే. తిరుమల శాసనములలోని దాత ధనము చెరువుగా మారి పల్లెలో నిలిచినట్లు, ఈయన విద్య కర్మాగారమై, శిక్షణాలయమై ఈ సీమలో నిలిచినది. అది నిర్మలముగా నిలుచునట్లు చూచుట ఆ సంస్థవారికెంత ధర్మమో, కన్ను వేసియుంచుట మనకును అంతే ధర్మము. కట్ట వేయించినవాడు ఒక్కడే యైనను, కట్టపై కావలి ఊరందరిది.

సెలవు.