దేవుని సొత్తు – మన లెక్క

(సంఘ పెద్దల సదస్సులో ఒక పాస్టరుగారు చేసిన ప్రసంగ పాఠము)



ఈ అంశము నాకిచ్చినారని విని ఒక ట్రెజరరుగారు, "అయ్యగారూ, ఇది ప్లీడరు చెప్పవలసిన మాట గదా, మీరు వాక్యము చెప్పండి" అన్నారు. వాక్యముతోనే మొదలుపెట్టుచున్నాను. రెండవ రాజుల గ్రంథము పన్నెండవ అధ్యాయము చూడండి. యోవాషు రాజు కాలములో మందిరపు మరమ్మతుకని వచ్చిన సొమ్ము యాజకుల చేతికి చేరుచుండెను గాని, రాజు ఏలుబడిలో ఇరువది మూడవ సంవత్సరము వచ్చినను పని జరుగలేదు. అప్పుడు యెహోయాదా ఒక పెట్టెకు రంధ్రము చేసి మందిరములో ఉంచినాడు. పెట్టె నిండినప్పుడు రాజుగారి లేఖకుడు, ప్రధానయాజకుడు ఇద్దరును కలిసి వచ్చి లెక్కించేవారు.

ఇదే అధ్యాయములో పనివారిని లెక్క అడుగలేదని కూడ ఉన్నది. నేను రసీదు పుస్తకము అడిగినప్పుడెల్లా ఎవరో ఒకరు ఈ వచనము నాకు చూపుదురు! ఆ నమ్మకము ఇద్దరు కూర్చుండి లెక్కించిన తరువాత వచ్చినదని మాత్రము మరచిపోవుదురు. కానుక సంచి ఒక్కరే ఇంటికి తీసికొనిపోవుట ఆయనకే ప్రమాదము. రేపు ఎవరైనా నింద వేసినయెడల ఆయన పక్షమున సాక్షి ఉండడు.

ఇక స్థలముల సంగతి. దీనిమీద కొంచెము ఎక్కువసేపు మాట్లాడుదును, ఎందుకనగా నేనే దెబ్బ తిన్నాను. నేను మునుపు పనిచేసిన ఒక పాస్టరేటులో గుడి పదిసెంట్ల స్థలములో ఉండెను. రెండు తరముల క్రిందట ఒక పెద్దాయన సంతోషముతో నోటిమాటగా ఇచ్చిన స్థలమది. కాగితము లేదు. నేను అక్కడ మూడేండ్లున్నాను, ఒక్కసారియైనా దస్తావేజు ఎక్కడనని అడుగలేదు. గుడికి సున్నము వేయించినాను, మైకు కొనిపించినాను, ఇది మాత్రము అడుగలేదు. ఆయన మనుమలు వెనుకవైపు అయిదు సెంట్లు అమ్మివేసిన తరువాత, కొన్నవారు కొలత త్రాడుతో వచ్చినప్పుడు మాకు తెలిసినది. వారి చేతిలో రిజిస్టరు కాగితమున్నది, మా చేతిలో పెద్దల జ్ఞాపకమున్నది. చివరకు ఆ అయిదు సెంట్లను సంఘమే తిరిగి కొన్నది. అందులో సగము సొమ్ము స్త్రీలు వంటకు ముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యము అమ్మగా వచ్చినది.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము స్థిరాస్తిని దానముగా ఇయ్యవలెనంటే రిజిస్టరు దస్తావేజు ఉండవలెను. దాత సంతకము, కనీసము ఇద్దరు సాక్షుల సంతకములు కావలెను. దాత బ్రతికియుండగానే ఆ దానమును స్వీకరించవలెను. దస్తావేజు ఎవరి పేరున? పాస్టరుగారి పేరున కాదు, కమిటీ కార్యదర్శి పేరున అసలే కాదు. మేము బదిలీ అయిపోవుదుము, చనిపోవుదుము, మాకును వారసులుందురు. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడినది. ఆ సంవత్సరమే మన పెద్దలు ఆస్తుల నిమిత్తము ట్రస్ట్ అసోసియేషన్‌ను కంపెనీల చట్టము క్రింద రిజిస్టరు చేయించినారు. క్రొత్త స్థలము ఆ పేరున వ్రాయించవలెను.

మన సంఘములలో అనేకము పేటలలో ఉన్నవి. అక్కడి భూములు చాలవరకు ప్రభుత్వము పేదలకిచ్చిన అసైన్డు భూములు. వాటి బదిలీని 1977 చట్టము నిషేధించినది, తరువాత సవరణలు వచ్చినవి. కాబట్టి తహశీల్దారు కార్యాలయములో విచారించనిదే పునాదిరాయి వేయకండి. ఇంకొక మాట. ప్రహరీ ప్రక్కన ఎవరో పశువులపాక వేసికొన్నారని ఊరకుండవద్దు. పన్నెండు సంవత్సరములు హక్కుదారులమని వాడుకొనిన వారికి మనపై వాదించుటకు బలము వచ్చును. ఏడాదికొకసారి ఈ.సి. తీయించుటకు పెద్ద ఖర్చు కాదు.

విదేశపు సొమ్ము విషయములో అమాయకత్వము ఎక్కువగా కనబడుచున్నది. అమెరికాలోనున్న మన ఊరి అబ్బాయి గుడి పైకప్పుకు డబ్బు పంపుదుననును. అతడు ఇంకను భారత పౌరుడైయుండి తన సంపాదనలోనుండి బ్యాంకు ద్వారా పంపినయెడల అది విదేశీ విరాళము కాదు. అక్కడి పౌరసత్వము తీసికొన్నయెడల మన రక్తసంబంధియైనను అది విదేశీ విరాళమే. అప్పుడు 2010 చట్టము క్రింద రిజిస్ట్రేషను గాని ముందస్తు అనుమతి గాని లేనిదే పుచ్చుకొనరాదు. 2020 సవరణతో అట్టి సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే రావలెను. వచ్చినదానిని ఇంకొక సంస్థకు ఇచ్చుట నిషేధము. పరిపాలన ఖర్చు ఇరువది శాతము దాటకూడదు. "మా సొసైటీ ఖాతాలో వేయించుకొందుము లెండి" అని ప్రేమతో సహాయము చేయబోవువారిద్దరిని నేనెరుగుదును. దయచేసి ఆ ప్రేమ చూపవద్దు.

హాస్టళ్ల విషయము క్లుప్తముగా చెప్పుదునుగాని, ఇది తేలికైనదని కాదు. పిల్లలపై లైంగిక అఘాయిత్యము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపవలెనని 2012 పోక్సో చట్టము చెప్పుచున్నది. తెలుపకుండుట నేరము. సంఘము పరువు పోవునని పెద్దలు కూర్చుండి రాజీ చేయుటకు ఎవరికిని అధికారము లేదు, పాస్టరుకును లేదు, బిషప్‌గారికిని లేదు. ఆ బిడ్డ తలిదండ్రులు మన మాట నమ్మి బిడ్డను వదలి వెళ్లినారు.

అజరయ్య బిషప్‌గారు 1912లో ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్‌గా అభిషేకము పొంది, దోర్నకల్ ప్రాంతములో పేద సంఘములకు ఇచ్చుట నేర్పినారు. కూలికి పోవు తల్లి కుండలో చెయ్యిపెట్టి తీసిన బియ్యమది. కోతపండుగ వేలములో ఒక గుమ్మడికాయకు అయిదువందలు పాడినవారి పేరు మైకులో చెప్పుదుము. ఆమె బియ్యము ఎన్ని కిలోలైనదో పుస్తకములో వ్రాయుచున్నామా?

మీలో కొందరు దస్తావేజుల నకళ్లు తెచ్చినారని విన్నాను. భోజనము కాగానే ఈ బల్లయొద్దకే రండి, ఒక్కొక్కటి చదివి చూచెదము. తేనివారు మీ సంఘ స్థలము సర్వే నెంబరైనా ఒక కాగితముమీద వ్రాసి ఇయ్యండి.