రిపోర్టులో లేని నొప్పి

  బీదర్‌లోని ఈ తెలుగు సభకు నన్ను అధ్యక్షత వహించమన్నప్పుడు నిర్వాహకులు ఒక్కటే కోరారు: డాక్టరుగారూ, సాహిత్యం మాట్లాడండి, వైద్యం వద్దు అని. ఈ రెండూ ఒకేలా తప్పు చేసిన చోటు ఒకటుంది, దాని గురించి మాట్లాడతానని ఒప్పించాను.

పరీక్షలన్నీ చేస్తారు. రక్తం బాగుంది, ఎక్స్‌రే బాగుంది, స్కానింగ్ బాగుంది. మనిషి మాత్రం బాగా లేడు. ఒళ్ళునొప్పులు, మంటలు, తిమ్మిర్లు, గుండెదడ, కడుపుబ్బరం, లేవనివ్వని నీరసం నెలలూ ఏళ్ళూ వదలవు. ఏ ఊరి ఆసుపత్రిలోనైనా బల్ల మీద వరుసగా కూర్చున్నవాళ్ళలో ఇలాంటివాళ్ళు తప్పకుండా ఉంటారు. మన కథల్లో మాత్రం వెతికినా కనిపించరు.

మన కథలో జబ్బుకు చోటుంది, కాని దానికి పేరుండాలి. ఒక తరం కథల్లో క్షయ. 'ప్రేమాభిషేకం'లో అక్కినేని పాత్రకు కేన్సర్. 'గీతాంజలి'లో ఇద్దరికీ ప్రాణం తీసే జబ్బులే. పేరున్న జబ్బు వస్తే పాత్రకు గౌరవం పెరుగుతుంది, బంధువులు పళ్ళు పట్టుకుని వస్తారు, ప్రేక్షకులు రుమాళ్ళు తీస్తారు. మరి పేరు లేని నొప్పి వచ్చిన పాత్రను ఏం చేశాం? భార్య తలనొప్పి మీద జోకులు వేశాం. నడుమునొప్పి అన్న కోడలిని పనిదొంగను చేశాం. మూర్ఛపోయిన పిల్లకు దయ్యాన్ని తగిలించి, భూతవైద్యుణ్ణి దింపి, నవ్వుకున్నాం. వైద్యులు రోగిని ఇంటికి పంపేసిన చోటే రచయితలూ కలం మూశారు.

ఈ విషయంలో చరకుడు మనందరి కంటే పెద్దమనసు గలవాడు. రోగానికి పేరు చెప్పలేకపోయినంత మాత్రాన వైద్యుడు సిగ్గుపడనక్కరలేదనీ, వికారాలన్నిటికీ స్థిరమైన పేర్లుండవనీ సూత్రస్థానంలో చెప్పాడు. పేరు పక్కన పెట్టి, ఏ దోషం, ఎక్కడ, ఏ కారణం చేత అని చూడమన్నాడు. మావాళ్ళకు ఇప్పుడు పేరు దొరక్కపోతే సిగ్గు వేయదు. చిరాకు వేస్తుంది, ఆ చిరాకు రోగి మీదికి పోతుంది.

బీదర్‌లో ఆ చిరాకు మరికాస్త దూరం ప్రయాణిస్తుంది. 1956లో పాత హైదరాబాద్ రాష్ట్రపు బీదర్ జిల్లా మూడు ముక్కలైంది. జహీరాబాద్, నారాయణఖేడ్ అటు మెదక్‌లో కలిశాయి, ఉద్గీర్ వైపు మరాఠీ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి పోయాయి, మిగిలింది మైసూరుకు దక్కింది. గీతలు మారాయి గాని జబ్బు చేసినవాడి దారి మారలేదు. ఇప్పటికీ హైదరాబాద్ వెళతాడు, లేదంటే సోలాపూర్. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ, దరఖాస్తులో కన్నడం, రిపోర్టులో ఇంగ్లీషు. ఒక్కో మెట్టు దగ్గర అతని కథలో కొంత రాలిపోతుంది.

నేను చూసిన చాలామందిని కలిపి ఒక మనిషిని చేసి చెబుతాను. సరిహద్దు పల్లెలో కూలికి పోయే తల్లి. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరు నిండా రిపోర్టులు. "పెయ్యంత మంటలు లేస్తయ్ సారూ, మెడకాడ పట్టేస్తది, రాత్రయితే గుండె దడదడ కొట్టుకుంటది" అంటుంది. అంతకు ముందు చూసిన డాక్టరు కవరు తిరగేసి "అంతా నార్మల్, నీకేం లేదు" అన్నాడు. ఆ మాట వినగానే మొగుడు "ఇన్నవా, ఏం లేదన్నడు, పైసలు పాయె" అన్నాడు. ఆమె నన్ను అడిగిన ప్రశ్న ఇది: "ఏం లేకుంటే నాకు నిద్రెందుకు పడ్తలేదు?"

దానికి జవాబు చెప్పగలగడం వైద్యుడి పని. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి.

దెబ్బ తగిలిన చోట నొప్పి పుడుతుందని అనుకుంటాం. నిజానికి అక్కడి నుంచి మెదడుకు కబురు మాత్రమే వెళుతుంది. దాన్ని నొప్పిగా తేల్చేది మెదడు. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్న సైనికులను చూసిన సైలస్ వీర్ మిచెల్ అనే వైద్యుడు, తీసేసిన కాలు నొప్పి పెడుతోందని వాళ్ళు చెప్పిన సంగతిని 1871లో రాశాడు. లేని కాలు నొప్పి పెట్టడం! 1990ల్లో మన నాడీ శాస్త్రవేత్త విలయనూర్ రామచంద్రన్ అలాంటివాళ్ళ ముందు ఒక అద్దం నిలబెట్టి, ఉన్న చేతి ప్రతిబింబం లేని చేతి స్థానంలో కనిపించేట్టు చేస్తే, కొందరికి ఆ నొప్పి సర్దుకుంది. ఆ సైనికులను అబద్ధాలకోర్లు అనడం కష్టం. తెగిన కాలు కంటికి కనబడుతోంది కదా. మన కూలితల్లికి అన్ని అవయవాలూ ఉన్నాయి, అదే ఆమె దురదృష్టం.

శరీరంలోని హెచ్చరిక వ్యవస్థ ఇంటి కుక్కలాంటిది. ఒకసారి దొంగ వచ్చి వెళితే ఆ తర్వాత ఆకు కదిలినా మొరుగుతుంది. ఒక జ్వరం, ఒక కాన్పు, ఒక దెబ్బ, ఒక చావు దాన్ని లేపుతాయి. తర్వాత భయం చేరుతుంది. భయపడి మనిషి కదలడం తగ్గిస్తాడు, కదలక కండలు నీరసిస్తాయి, నిద్ర చెడుతుంది, నిద్ర లేని ఒంటికి చిన్న స్పర్శ కూడా నొప్పిగా అందుతుంది. మొదట లేపిన కారణం ఎప్పుడో పోయినా ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది. స్కానింగ్ యంత్రం పుండునూ గడ్డనూ చూపగలదు గాని ఈ తిరుగుడును చూపలేదు.

కాలు పడిపోయినట్టయ్యే ఇలాంటి మరో బాధకు మాత్రం చూపగల పరీక్ష లేకపోలేదు. 1908లో చార్లెస్ హూవర్ అనే వైద్యుడు ఒకటి చెప్పాడు. కాలు పడిపోయిందన్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, ఆ కాలి మడమను మంచానికి అదమమంటే అదమలేడు. అదే మనిషిని బాగున్న రెండో కాలు పైకెత్తమని, పైనుంచి చేత్తో ఆపితే, పడిపోయిన కాలి మడమ దానంతటదే గట్టిగా కిందికి అదుముతుంది. నరం తెగలేదు, కండ చావలేదు. కావాలనుకున్నప్పుడు అందని దారి, అనుకోనప్పుడు తెరుచుకుంటోంది. ఎడిన్‌బరోలో జాన్ స్టోన్ లాంటి నరాల వైద్యులు ఇప్పుడు ఈ పరీక్షను రోగికే చూపిస్తున్నారు. నటిస్తున్నావని పట్టుకోవడానికి కాదు, బాగయ్యే వీలుందని నమ్మించడానికి. ఒకే పరీక్షను నింద కోసం వాడొచ్చు, ధైర్యం కోసం వాడొచ్చు. వైద్యుడి స్వభావం బయటపడేది అక్కడే.

"అయితే ఇదంతా మనసు జబ్బే" అని తేల్చేసేవాళ్ళున్నారు. ఆ తొందరా నాకు నచ్చదు. అందులో సగం నిజముంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 14 దేశాల్లోని 15 కేంద్రాల్లో చేయించిన అధ్యయనంలో మన బెంగుళూరూ ఒక కేంద్రం. అందులో దిగులు జబ్బు ఉన్నట్టు తేలిన 1146 మందిలో 69 శాతం ఒంటి బాధలు మాత్రమే చెప్పుకుని డాక్టరు దగ్గరికి వచ్చారని 1999లో ప్రచురించారు. అందరూ ఎత్తిచూపే అంకె ఇది. నాకు ముఖ్యమైన అంకె వేరే ఉంది: మనసులో బాధ ఉందా అని నేరుగా అడిగినప్పుడు లేదన్నవాళ్ళు 11 శాతమే. మిగతావాళ్ళు దాచలేదు, వాళ్ళను ఎవరూ అడగలేదు. అడగకపోతే ఎందుకు చెప్పరో, బెంగుళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ రోగులతో మాట్లాడి తెలుసుకుని రఘురామ్, వైస్ పరిశోధక బృందం 1996లో ప్రకటించింది. ఒంటినొప్పి అందరికీ వచ్చేదే, చెప్పుకుంటే పరువు పోదు. దిగులని చెప్పుకుంటే పెళ్ళి సంబంధాల దాకా పోతుంది.

మిగతా సగం వినండి. పాత నెల్లూరు జిల్లాలో పొదిలి, దర్శి వైపు రైతులు నడుములు బిగుసుకుపోయి, మెడలు తిరగక, వయసులోనే వంగిపోయారు. వాళ్ళలో ఎవరిని మనసు బాగుచేసుకోమన్నా లాభం లేకపోయేది. బావినీళ్ళలోని ఫ్లోరైడే కారణమని 1937లో షార్ట్, ఆయన సహచరులు రాసేదాకా అదీ కారణం తెలియని నొప్పే. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోతే, కొందరు సామూహిక భయమన్నారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి, ఆపైన పురుగుమందుల మీదికీ అనుమానం పోయింది. అదే ఏడాది మే నెలలో, కోవిడ్ తగ్గినా లేవలేకపోతున్న ఎలీసా పెరెగో అనే పురావస్తు పరిశోధకురాలు తన బాధకు 'లాంగ్ కోవిడ్' అని తానే పేరు పెట్టుకుంది. వైద్య పుస్తకాలు ఆ తర్వాత ఎక్కించుకున్నాయి. అందుకే కారణం కనబడలేదని అనడం నిజాయితీ. కారణం లేదని అనడం పొగరు. అమెరికా మనోవైద్యుల 2013 గ్రంథం కూడా కారణం దొరకకపోవడాన్ని నిర్ధారణకు ఆధారంగా తీసుకోవడం మానేసింది. ఆ బాధ మనిషి బతుకును ఎంత ఆక్రమించిందన్నదే చూడమంది.

వైద్యం ఏమిటంటారా? శ్రీలంకలో అతుల సుమతిపాల బృందం ఇలాంటి 150 మందిని రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు మామూలు డాక్టర్లే నేర్చుకుని మనోచికిత్స చేశారు. రెండో జట్టుకు ఒక పద్ధతి ప్రకారం, అన్నేసార్లు, అంతే సేపు కేటాయించి మాట్లాడారు. 2008లో ప్రకటించిన ఫలితం చూస్తే రెండు జట్లూ మెరుగుపడ్డాయి, చికిత్స ముందంజ వేయలేదు. నాకు ఆశ్చర్యం కలగలేదు. ఒకే డాక్టరు, ముందే చెప్పిన తేదీన, తొందర లేకుండా చూడటం పేదదేశంలో అరుదైన మందు.

ఇక్కడివాళ్ళు ఆ మందు వేరేచోట వెతుక్కుంటారు. ఝరణీ నరసింహుడి గుహలో రొమ్ములోతు నీళ్ళలో నడుస్తారు, నానక్ ఝరా దగ్గర ఊటనీరు పట్టుకుంటారు, అష్టూరులో అహ్మద్ షా వలీ సమాధి దగ్గర తల వంచుతారు. నేను నవ్వను. అక్కడ ఎవరూ మన కూలితల్లిని "నీకేం లేదు" అనరు. అయితే రక్తహీనతో థైరాయిడో ఉంటే అక్కడ దొరకదు, ముందు మా దగ్గరికి రండనే అంటాను.

ఊరి డాక్టర్లకే ఈ పని నేర్పే ప్రయత్నమూ జరిగింది. నిమ్హాన్స్‌వాళ్ళు 1985లో బళ్ళారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకూ కార్యకర్తలకూ మానసిక వైద్యం నేర్పడం మొదలుపెట్టారు. తెలుగూ కన్నడమూ కలిసి బతికే ఆ జిల్లా నమూనాయే 1996లో మొదలైన జాతీయ స్థాయి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆధారమైంది. ఇలాంటి పని రెండు భాషల నేల మీద పుట్టినందుకు మనం కాస్త గర్వపడొచ్చు.

రచయితలకు నా విన్నపం ఇది. జబ్బు పేరు చివరిదాకా తెలియని మనిషి కథ రాయండి. క్లైమాక్సులో రిపోర్టు వచ్చి రక్షించనవసరం లేదు, మనస్తత్వ నిపుణుడు వచ్చి బాల్య రహస్యం బయటపెట్టనవసరమూ లేదు. ఆ కూలితల్లి పొద్దున్నే లేచి, ఆ మంటలతోనే కూలికి ఎలా పోయిందో రాస్తే చాలు. ఇక ఈ ఊరి వైద్య కళాశాల పెద్దలు సభలో ఉన్నారు, వారికొక మనవి. మీ విద్యార్థులకు జిల్లాలోని నాలుగు భాషల్లో రోగి బాధ చెప్పుకునే తీరు నేర్పండి. ఆ పాఠం చెప్పడానికి ఈ సభలోని తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ రచయితలు జీతం అడగకుండా వస్తారు. వారి తరఫున ఆ మాట నేను ఇస్తున్నాను, వాళ్ళను అడక్కుండానే.