అడవి పందుల బెడద - వన్యప్రాణి చట్టము - రైతుల కర్తవ్యము
(రైతుల సభయందలి ఉపన్యాస పాఠము)



వేరుసెనగ ఊడలు దిగి కాయ గట్టిపడు దినములలోను, మొక్కజొన్న కంకి పాలు పోసికొను దినములలోను, అడవి సమీప గ్రామముల రైతునకు నిద్ర యుండదు. పగలంతయు పొదలలోను వాగు ఒడ్డులను దాగియుండు పందుల మంద రాత్రి పొలమున జొచ్చును. అది తినునది కొంతయే. మోరతో పెల్లగించి త్రొక్కి పాడుచేయునది అంతకు మించి యుండును. విత్తనము, ఎరువు, కూలి అన్నియు వెచ్చించిన పిమ్మట నొక్క రాత్రిలో ఫసలు పోగొట్టుకొనిన రైతు కోపము న్యాయమైనదే. అయితే ఆ కోపములో చట్టము నెరుగక చేయు పని ఫసలు నష్టము కంటెను పెద్ద నష్టమును దెచ్చును.

పూర్వ మిట్టి నిర్బంధము లేకుండెను. బ్రిటిషు ఇండియాలో 1912 సంవత్సరపు పక్షి మృగ సంరక్షణ చట్టము, తన ఆస్తిని కాపాడుకొనుటకై సద్బుద్ధితో మృగమును చంపినవానిని నేరస్థునిగా నెంచలేదు. తరువాత అడవులు తరిగి, మృగములు క్షీణింపగా, ఆంధ్రప్రదేశ్ మొదలగు రాష్ట్రముల శాసనసభలు తీర్మానించిన మీదట పార్లమెంటు 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టమును చేసెను. దీని ప్రకారము ఆత్మరక్షణకై గాని, పరుల ప్రాణరక్షణకై గాని సద్బుద్ధితో మృగమును చంపుట నేరము కాదు. పైరును రక్షించుకొనుటకు మాత్రము ముందుగా వ్రాతమూలకమైన ఉత్తరువు కావలెను. ఈ భేదమును రైతులు మరువరాదు.

అడవి పంది మొదట ఈ చట్టపు మూడవ షెడ్యూలులో నుండెను. 2022 సంవత్సరపు సవరణ 2023 ఏప్రిల్ 1వ తేదీన అమలునకు వచ్చినది మొదలు రెండవ షెడ్యూలులో నున్నది. అనుమతి లేక దానిని వేటాడిన వానికి మూడేండ్ల వరకు ఖైదు గాని, లక్ష రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును.

అట్లని చట్టము రైతునకు ద్వారము మూయలేదు. 11వ సెక్షను ననుసరించి, ఈ షెడ్యూలులోని మృగము మనుష్యుల ప్రాణమునకు గాని, పొలములోని నిలువు పైరునకు గాని అపాయకరమైనదని తోచినప్పుడు, రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి వార్డెను గాని, ఆయన అధికారమిచ్చిన ఉద్యోగి గాని, కారణములు వ్రాసి, దానిని వేటాడుటకు అనుమతి నీయవచ్చును. చచ్చిన మృగము సర్కారు సొత్తు. దాని మాంసమును పంచుకొనుటయు అమ్ముటయు కూడదు.

ఒక ప్రాంతమున కొంత కాలమునకు ఒక మృగమును హానికర జంతువుగా ప్రకటించు నధికారము 62వ సెక్షను క్రింద కేంద్ర ప్రభుత్వమునకు గలదు. 2015 డిసెంబరులో బీహారునందలి కొన్ని జిల్లాలకును, 2016 ఫిబ్రవరిలో ఉత్తరాఖండమునందలి కొన్ని జిల్లాలకును, ఒక్కొక్క సంవత్సరమునకు అడవి పంది అట్లు ప్రకటింపబడెను. కేరళ రాష్ట్రము పలుమారు కోరినను కేంద్రము సమ్మతింపక, 11వ సెక్షను క్రింది అధికారమునే వినియోగించుకొనుడని చెప్పెను. పులికిని చిరుతకును పంది ఆహారము; అడవిలో ఆహారము తరిగిన యెడల ఆ మృగములు ఊరి పశువులపై బడును. దరఖాస్తులు ఆలస్యమైనచో రైతు నష్టపడుననుటయు నిజమే. కావున అనుమతి త్వరగా వచ్చు ఏర్పాటు జరుగుట రైతునకును అడవికిని మేలు.

అన్నిటికంటె ఘోరమైనది, కరెంటు స్తంభమునుండి దొంగతనముగా తీగ లాగి పొలము చుట్టును కట్టుట. ఆ తీగకు పంది యని, మనిషి యని తెలియదు. వేకువను నీరు కట్టవచ్చిన పొరుగు రైతును, గడ్డి కోయవచ్చిన స్త్రీని, ఒక్కొక్కప్పుడు కట్టినవానినే అది బలిగొనును. పంది పాడుచేసిన పైరు మరుసటి కారున మరల పండును. పోయిన ప్రాణము రాదు. విద్యుచ్ఛక్తి దొంగతనమునకు 2003 సంవత్సరపు చట్టము క్రింద వేరుగ శిక్ష గలదు. ప్రామాణికమైన సౌరశక్తి కంచె ఇట్టిది కాదు. అందు విద్యుత్తు క్షణమాత్రము తాకి విడుచుచుండుటచే మృగము బెదరునే గాని చావదు.

హైదరాబాదు చేరువనున్న రాజేంద్రనగరము పరిశోధకులు అల్పవ్యయముతో గూడిన ఉపాయములను సూచించియున్నారు. వేరుసెనగ చుట్టును ముండ్లుగల కుసుమను దట్టముగా వేయవచ్చును. మొక్కజొన్న చుట్టును ఆముదమును వేయవచ్చును. దానిని పంది తినదు, దాని వాసనచే లోని పైరు వాసన కప్పబడును. గంధకము, పంది కొవ్వు నూనె కలిపిన దానిలో కొబ్బరి పీచు త్రాళ్లను నానబెట్టి గట్లపై వరుసలుగా కట్టవచ్చును. వాన కురిసి వాసన పోయినచో మరల పూయవలెను. ఒక్కడు కంచె వేసిన పందులు ప్రక్క చేనికి పోవును గనుక, ఆ ప్రాంతపు రైతులందరును కూడి పని చేయుట శ్రేయస్కరము.

నష్టము గలిగిన వెంటనే, పైరును సరిచేయక మునుపే, ఛాయాచిత్రములు తీయించి, అటవీ, వ్యవసాయ ఉద్యోగులకు తెలిపి పంచనామా చేయించుకొని, దరఖాస్తు నకలును రసీదును భద్రపరుచుకొనవలెను.

చట్టము తెలిసిన రైతు భయపడనక్కరలేదు, మోసపోనక్కరలేదు. తీగతో పొలము కాచువాడు ఊరికి శత్రువగును. దరఖాస్తుతోను, కంచెతోను, పొరుగువారి తోడ్పాటుతోను కాచువాడు పైరును, ప్రాణమును, మర్యాదను మూటిని నిలుపుకొనును.