నడుమ ముక్క కోసేస్తే



బడిలో తోటి పిల్లలే ఒకణ్ణి ఏడిపిస్తే ఏమవుతుందో చెప్పిన పాటల వీడియోలున్నాయి. ఒకదాని సంగతి మనం తెలుసుకోవాలి.

1991లో అమెరికాలోని టెక్సాస్‌లో ఓ పదిహేనేళ్ల కుర్రాడు తరగతిలో, అందరి ముందే, ప్రాణం తీసుకున్నాడు. ఆ వార్త చదివి పెరల్ జామ్ బృందం 'జెరెమీ' పాట కట్టింది. 1992లో వీడియో వచ్చింది. అందులో పిల్లలు వేలెత్తి చూపి నవ్వుతారు. ఇంట్లోవాళ్లకు పట్టదు.

వాడు తుపాకీ తనమీదే పెట్టుకునే ముక్కను ఎం.టి.వి. కోసం కోసేశారు. మిగిలిందేంటి? నెత్తురు పడ్డ బట్టలతో కొయ్యబారిన పిల్లలు. వాడే వాళ్లను కాల్చాడని చాలామంది అనుకున్నారు! చచ్చినోడు హంతకుడయ్యాడు. 1993లో ఆ ఎం.టి.వి.యే దానికి ఉత్తమ వీడియో బహుమతి ఇచ్చింది. కోయని వీడియోను బృందం అందరి ముందు పెట్టింది 2020లో.

ఈ కోత మనకు కొత్తా? పంతుళ్లుగా మేం చూస్తూనే ఉన్నాం. కులం పేరు పెట్టి వెక్కిరించిన నెల రోజులూ ఎవరికీ కనబడవు. మన పిల్లోడు తిరగబడి వేసిన ఒక్క దెబ్బ ఊరంతటికీ కనబడుతుంది.

అందుకే పంచాయితీలో మన మొదటి ప్రశ్న ఇదే కావాలి: "అంతకు ముందు ఏం జరిగింది?" బడికి పోనన్న బిడ్డను కొట్టొద్దు. పక్కన కూచోబెట్టుకుని అడుగుదాం. చెప్పేదాకా విందాం.