ప్రపంచంలో మారుతున్న వాతావరణం – మనవాళ్ళ క్షేమం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏడాదికొకసారి మనమిక్కడ కలుసుకున్నప్పుడు పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళి ఖర్చులు తగ్గించుకోవటం గురించి మాట్లాడుకోవటం ఆనవాయితీ. ఈసారి ఎండావానల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్మల్ని కోరారు. ‘ఎండ గురించి చెప్పేదేముందండీ, గడప దాటితే తెలుస్తుంది గదా’ అని ఒక పెద్దాయన నవ్వారు కూడా. నిజమే. మన గడప ముందు ఎండ మనకు తెలుసు. కానీ మన పిల్లలు కూలినాలి చేసుకునే దేశాల్లో, మన తల్లిదండ్రులు హజ్‌కు వెళ్ళే పవిత్ర స్థలాల్లో ఎండ ఎట్లా మారిందో, వాన ఎట్లా మారిందో మనలో చాలామందికి తెలియదు. అడిగితే వాళ్ళు చెప్పరు. ‘అంతా ఖైరియత్ అమ్మీ’ అని ఫోను పెట్టేస్తారు.

2024 ఏప్రిల్ 16వ తేదీన దుబాయిలో వాన కురిసింది. ఎడారిలో వాన పడటం వింతేమీ కాదు. అయితే దుబాయి విమానాశ్రయం దగ్గర ఏడాది మొత్తం మీద సగటున కురిసేది 95 మిల్లీమీటర్లకు మించదు. ఆనాడు ఒక్క రోజులోనే 142 మిల్లీమీటర్లు పడింది. అల్ ఐన్ ప్రాంతంలోని ఖత్మ్ అల్ షక్లా అనే చోట ఇరవైనాలుగు గంటలు తిరక్కుండానే 254 మిల్లీమీటర్లు దాటింది. 1949లో ఆ దేశంలో లెక్కలు రాయటం మొదలుపెట్టిన నాటినుంచి అంత వాన ఎప్పుడూ నమోదు కాలేదు. విమానాలు నీళ్ళలో పడవల మాదిరి కదలటం మనమందరం టీవీల్లో చూశాము. వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. అంతకు రెండు రోజుల ముందే పక్కనున్న ఒమాన్‌లో వాగు పొంగి బడిపిల్లలు కొట్టుకుపోయారు.

ఆ వారమంతా మన పేటలో ఏ ఇంట్లోనూ రాత్రి నిద్ర లేదు. మా ఎరుకలోని ఒక కుర్రవాడు షార్జాలో ఉంటాడు. కింద నడుము లోతు నీళ్ళు, లిఫ్టు లేదు, కరెంటు లేదు. బకెట్టుకు తాడు కట్టి కిందికి వదిలి, పడవల మీద వచ్చినవాళ్ళు వేసిన రొట్టెలు, నీళ్ళ సీసాలు పైకి లాక్కున్నామని నెల తర్వాత గానీ ఇంట్లో చెప్పలేదు. ఆ ఊళ్ళు వాన కోసం కట్టినవి కావు. చాలాచోట్ల వాననీరు పోవటానికి కాలవలే లేవు.

‘మేఘాల్లో మందు చల్లారట, అందుకే అంత వాన’ అని ఆ రోజుల్లో ఒక పుకారు బయలుదేరింది. మన వాళ్ళు కూడా నమ్మారు. ఆ తుఫాను సమయంలో తాము మేఘమథనం చేయలేదని అక్కడి వాతావరణ శాఖవారు స్పష్టంగా చెప్పారు. అంతేగాక ఆ మేఘాలు వస్తున్నాయని కొన్ని రోజుల ముందునుంచే హెచ్చరికలున్నాయి. ఒమాన్ మొదలుకొని బహ్రెయిన్ దాకా కమ్ముకున్న మబ్బును ఎవరో విమానంలో వెళ్ళి తయారుచేశారనటం సబబు కాదు.

మరి కారణమేమిటి? గాలి వేడెక్కిన కొద్దీ నీటి ఆవిరిని ఎక్కువగా పట్టి ఉంచుకుంటుంది. ఒక్క సెంటీగ్రేడు డిగ్రీ పెరిగితే సుమారు 7 శాతం ఎక్కువ. పలుచని తువ్వాలు కంటే దళసరి దుప్పటి ఎక్కువ నీళ్ళు పీల్చుకుంటుంది గదా, పిండినప్పుడు ఆ నీళ్ళన్నీ ఒక్కసారే కారతాయి. ఇదీ అంతే. అదే వేడి గాలి వాన లేని చోట నేలలోని తడినంతా లాగేస్తుంది. అందుకనే ఒకే ఏడు ఒకచోట కరువు, మరొకచోట వరద. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చటం మూలంగా గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగిపోయింది. యంత్రాల యుగానికి పూర్వం పది లక్షల పాళ్ళలో 280 పాళ్ళుండేది, ఇప్పుడు 420 దాటింది. 2024వ సంవత్సరం అప్పటిదాకా లెక్కలున్న ఏళ్ళన్నిటిలోకీ వేడి అయినది.

‘పూర్వం మాత్రం వరదలు రాలేదా, తుఫానులు రాలేదా’ అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. 1908లో మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెనను కళ్ళారా చూసినవారు మన మధ్య ఇంకా ఉన్నారు. కాబట్టి ప్రతి గాలివానకూ ఇదే కారణమని మేము అనము. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాసులో మంచు కురిసి, కరెంటు పోయి, మన తెలుగు కుటుంబాలు దుప్పట్లు కప్పుకుని కార్లలో కూర్చున్నాయి. ఆ చలికీ భూమి వేడెక్కటానికీ సంబంధముందా లేదా అని శాస్త్రజ్ఞుల్లో ఇంకా వాదం నడుస్తూనే ఉంది. ఎండ విషయంలో మాత్రం వాదం లేదు. అదే ఏడు జూన్ 29న, చలిదేశమని మనమనుకునే కెనడాలో లిట్టన్ అనే చిన్న ఊళ్ళో 49.6 డిగ్రీలు నమోదయింది. మర్నాడు ఆ ఊరు దాదాపు అంతా తగలబడిపోయింది.

లిబియాలోని డెర్నా సంగతి వేరు. అక్కడ తప్పు ఆకాశానిది సగం, మనిషిది సగం. 2023 సెప్టెంబరు 10న డేనియల్ అనే తుఫాను వచ్చి ఆ పక్క ఊరైన అల్ బైదాలో ఒక్క రోజులో 414 మిల్లీమీటర్ల వాన కురిపించింది. డెర్నాకు ఎగువన 1970 దశకంలో కట్టిన రెండు ఆనకట్టలు ఆ రాత్రి తెగిపోయాయి. నిద్రలో ఉన్న ఊరు సముద్రంలోకి కొట్టుకుపోయింది. వేలమంది చనిపోయారు, ఇంకా వేలమంది ఆచూకీ తెలియలేదు. ఆ ఆనకట్టలకు వెంటనే మరమ్మతు చేయకపోతే దిగువన ఉన్నవారికి ముప్పు తప్పదని ఒక లిబియా ఆచార్యుడు 2022లోనే రాసి ప్రచురించారు. చదివినవారు లేరు.

ఇది వింటుంటే మీకు బుడమేరు గుర్తుకు రావచ్చు. 2024 సెప్టెంబరు 1న గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు అన్నం పొట్లాలు పట్టుకుని పడవల మీద తిరిగిన మన కుర్రాళ్ళు వెనక బెంచీల్లోనే కూర్చున్నారు. వాగు దారిలో ఇళ్ళు కట్టుకుంటే ఏమవుతుందో వాళ్ళు మాకంటే బాగా చెప్పగలరు.

ఇక అసలు విషయానికి వస్తాము.

2024 జూన్ 17న, హజ్ రోజుల్లో, మక్కాలోని మస్జిదె హరామ్ దగ్గర 51.8 డిగ్రీలు నమోదయింది. ఆ ఏడు హజ్‌లో 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వమే ప్రకటించింది. అందులో 83 శాతం మంది అనుమతి పత్రాలు లేకుండా వచ్చినవారు. వాళ్ళకు మినాలో చల్లటి గుడారం లేదు, బస్సు లేదు. మైళ్ళ తరబడి ఎండలో నడిచారు. మన దేశం నుంచి వెళ్ళినవారిలో అప్పటికి 98 మంది పోయారని జూన్ 21న మన విదేశాంగ శాఖ చెప్పింది. జబ్బులు, వృద్ధాప్యం వంటి కారణాలు చెప్పారు. ముసలితనానికి ఎండ తోడైతే ఏమవుతుందో వైద్యులను వేరే అడగనక్కర లేదు.

మన సభ్యుల్లో ఒకరి తల్లిగారు ఆ ఏడు వెళ్ళి, అల్లా దయవల్ల క్షేమంగా తిరిగి వచ్చారు. ఆమె చెప్పిన ఒక్క మాట మమ్మల్ని ఆలోచింపజేసింది. ‘చెమట పట్టలేదు నాయనా, అందుకని పరవాలేదనుకున్నాను’ అన్నారామె. చెమట పట్టక కాదు, పట్టింది పట్టినట్టే ఎండిపోయింది. పొడి గాలిలో మనిషికి తెలియకుండానే ఒంట్లో నీళ్ళు పోతాయి. తల తిరిగి కూర్చుండిపోయిన ఆమె తల మీద ఎవరో పరాయి దేశపు స్త్రీ తన జమ్‌జమ్ సీసా కుమ్మరించిందట. ఆమె పేరేమిటో, ఏ ఊరో ఇప్పటికీ ఈమెకు తెలియదు. గాలి నలభై డిగ్రీలు దాటాక ఫ్యాను కూడా ఒంటికి వేడినే తెచ్చి కొడుతుంది. అప్పుడు తడిగుడ్డ కావాలి, నీడ కావాలి.

నీడ అంటే గుర్తొచ్చింది. ఇహ్రామ్‌లో ఉన్న మగవారు గొడుగు పట్టుకోవచ్చా అని మన పెద్దలు కొందరు ఇప్పటికీ సంకోచిస్తారు. తలకు టోపీ, రుమాలు చుట్టరాదు గానీ గొడుగుకు, గుడారానికి అభ్యంతరం లేదు. దైవప్రవక్త (స) వారి చివరి హజ్‌లో సహాబీలలో ఒకరు బట్ట ఎత్తి పట్టి ఆయనకు ఎండ తగలకుండా చేశారని సహీహ్ ముస్లింలో ఉంది. సందేహమున్నవారు మన ఇమాముగారిని అడగండి, గొడుగు మాత్రం సంచిలో పెట్టుకోండి. అరఫాత్ మైదానంలో యాభై వేల దాకా చెట్లు నాటింది కూడా నీడ కోసమే. అవి ఏ చెట్లనుకున్నారు? మన పెరట్లో ఉండే వేపచెట్లే. మన నేల చెట్టు అక్కడ హాజీలకు నీడనిస్తున్నదంటే మాకెంతో సంతోషమనిపించింది.

అనుమతి లేకుండా వెళ్ళినవారి గురించి మరొక్క మాట. తక్కువ డబ్బుతో పంపిస్తామని, విజిట్ వీసా మీద వెళ్ళి ఎట్లాగో లోపలికి పోవచ్చని చెప్పే ఏజెంట్లు మన ఊళ్ళోకీ వచ్చారు. ఒక ముసలి దంపతులు నగలు అమ్మి వాళ్ళ చేతిలో డబ్బు పెట్టారు. చివరి నిమిషంలో కొడుకు వెళ్ళి కాగితాలు చూసి ఆపబట్టి సరిపోయింది. డబ్బు సగమే తిరిగొచ్చింది. ఆ తల్లి ఇంకా కొడుకు మీద అలిగే ఉంది. మేమైతే ఆ కొడుకు మంచి పనే చేశాడంటాము.

చాంద్రమాన క్యాలెండరు ప్రకారం హజ్ ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతుందని మనకు తెలిసిందే. 2025 హజ్‌తో వేసవి హజ్‌లు ముగిశాయనీ, మళ్ళీ వేసవిలో రావటానికి ఇరవై అయిదేళ్ళు పడుతుందనీ సౌదీ వాతావరణ శాఖ చెప్పింది. 2026 మొదలు ఎనిమిదేళ్ళు వసంతకాలమట. వసంతమన్నది కాగితం మీది మాటే సుమా, మే నెలాఖరులో మక్కాలో నలభై దాటుతుంది. కానీ 2030కి ఏప్రిల్ నడుమకు, 2033కి మార్చికి, ఆ తర్వాత చలికాలానికి వస్తుంది. సూడాను దేశస్థుడైన ఆచార్య ఎల్ఫాతిహ్ ఎల్తాహిర్, ఆయన సహచరులు అమెరికాలో లెక్కలు వేసి, 2047 నుంచి 2052 దాకా హజ్‌లో ఎండ మనిషి తట్టుకునే హద్దును దాటే రోజులుంటాయని 2019లో ప్రకటించారు.

మన ఇళ్ళలో ఏమంటాము? ఆడపిల్లల పెళ్ళిళ్ళు కానీ, ఇల్లు కట్టటం కానీ, రిటైరు కానీ, అప్పుడు చూద్దాం హజ్ సంగతి అంటాము. ఇవాళ నలభై ఏళ్ళున్నవారు అట్లా వాయిదా వేసుకుంటూ పోతే, మోకాళ్ళ నొప్పులు, షుగరు, రక్తపోటుతో సరిగ్గా ఆ మండుటెండల కాలానికి చేరతారు. స్తోమత ఉన్నవారికి రాబోయే పదిహేనేళ్ళు మంచి అవకాశం. డబ్బు లెక్కతో పాటు ఈ లెక్క కూడా వేసుకోండి.

గల్ఫులో పనిచేసే పిల్లలకు మాత్రం కాలం జరిగేది కాదు, వాళ్ళకు ప్రతి ఏడూ జూలై ఉంటుంది. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించటం నిషిద్ధం. సౌదీలో పన్నెండు నుంచి మూడు. ఖతర్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు పొద్దున పది నుంచి మూడున్నర దాకా. ఇది చట్టం, యజమాని దయ కాదు. ఈ సంగతి తెలియక పనిచేసేవారు కొందరు, తెలిసీ ఉద్యోగం పోతుందని నోరు మూసుకునేవారు కొందరు. గల్ఫునుంచి తిరిగి వచ్చిన నేపాలు యువకుల్లో చిన్న వయసులోనే మూత్రపిండాలు దెబ్బతిన్నవారిని అక్కడి డాక్టర్లు చూస్తున్నారు. చాలినన్ని నీళ్ళు తాగకుండా ఎండలో ఏళ్ళ తరబడి కష్టపడటం దానికొక కారణమంటున్నారు. మీ అబ్బాయి ఫోను చేసినప్పుడు జీతం పడిందా అని అడగండి, తప్పు లేదు. అట్లాగే రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతున్నావు, ఒంటేలు రంగెట్లా ఉంది అని కూడా అడగండి. తల్లి అడిగితే సిగ్గుపడతాడు, తండ్రో అన్నో అడగాలి.

దుబాయి వాన పడ్డప్పుడు మన సంఘానికి ఒక లోపం తెలిసొచ్చింది. ఏ ఇంటి పిల్లవాడు ఏ ఊళ్ళో ఉన్నాడో, పక్కన మనవాళ్ళెవరున్నారో ఎవరి దగ్గరా లెక్క లేదు. ఒకరికొకరు రెండు వీధుల అవతలే ఉండి కూడా సాయమందుకోలేకపోయారు. అందుకని కార్యదర్శి గారు ఒక రిజిస్టరు తెరిచారు. వరండాలో బల్ల మీద ఉంది. పిల్లవాడి పేరు, పనిచేసే ఊరు, గది చిరునామా, ఫోను నంబరు రాయండి. హజ్‌కు పేరు పెట్టుకున్నవారు వయసు, వాడుతున్న మందులు వేరే పేజీలో రాస్తే, బయలుదేరేముందు మన డాక్టరు గారు ఒకసారి చూస్తానన్నారు. ఆడవాళ్ళ వైపుకు ఇంకొక పుస్తకం పంపించాము. రాయటం రానివారికి మన కాలేజీ పిల్లలు రాసిపెడతారు. భోజనాలు మొదలుపెట్టేలోగా ఆ పని కానివ్వండి.